నా పేరు మార్చే కాగితం మీద సంతకం పెట్టకు

అన్నకూ వదినకూ దండాలు. వదినకు ఆయాసం తగ్గిందా? మందులు మాననివ్వకు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. ఈ వానలకు మీ బావ మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. నార్సింగిలో జొన్నపిండి దొరుకుతుంది గానీ రొట్టెకు మన రుచి రాదు. బాగానే ఉన్నాంలే, దిగులు పడకు. ఫోన్‌లో అయితే నువ్వు "ఊ" అని పెట్టేస్తావు, అందుకే కోడలి చేత రాయిస్తున్నాను.

కోకాపేట అపార్ట్‌మెంట్లలో నేనూ జైబున్నీసా వంటపనికి పోతున్నాం కదా. సోమవారం గేటు దగ్గర కమిటీ పెద్దమనిషి మా కార్డులు చూశాడు. "జైబున్నీసా, హుస్సేనమ్మ. ఇకమీదట ముస్లింలు వద్దని మీటింగ్‌లో అనుకున్నాం. వెళ్ళిపోండి" అన్నాడు.

నేనేం చేశానో విను. తాళి బయటికి లాగి "నేను హిందువునయ్యా!" అని అరిచాను.

"అయ్యో, మనవాళ్ళేనా! ముందే చెప్పొద్దా అమ్మా?" అని నవ్వాడు. జైబున్ నన్ను ఒక్కసారి చూసి ఆటో ఎక్కింది. నేను లోపలికి పోయి చపాతీలు చేశానన్నా.

సాయంత్రం ఆ కమిటీ పెద్దమనిషే వచ్చి పాఠం చెప్పాడు. "వాళ్ళు బయటినుంచి వచ్చి మన గుళ్ళు కూల్చారు, మనల్ని ఏలారు. చరిత్ర తెలీక మీవాళ్ళు ఆ పేరు పెట్టారు. ఆధార్‌లో ఉమాదేవి అని మార్పించుకోండి."

"మా అన్న తర్వాత ఇద్దరు పురిట్లోనే పోతే, నేనన్నా నిలవాలని మాయమ్మ పీర్లకు మొక్కింది సార్. నిలిచినా. మా నాయన పీర్ల పండగలో పీరు ఎత్తినోడు, ఇప్పుడు మాయన్న ఎత్తుతాడు. మేం ఏ దేశపోళ్ళమో చెప్పు. జైబున్ వాళ్ళ నాయన పరుపులు కుట్టి బతికినోడు. ఆయన ఎవర్ని ఏలినాడు?"

"మీకు చదువు లేదు కదమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ.

మర్నాడు జైబున్ ఇంటికి పోయాను. "నీ తప్పేముంది అక్కా, చూపించడానికి నాకూ ఏమన్నా ఉంటే నేనూ చూపించేదాన్ని" అంది. దానికంటే తిట్టినా బాగుండేది.

ఇక అసలు సంగతి. మా శీను ఆదివారం మీ దగ్గరికి వస్తున్నాడు. నా పని పోకుండా, నా అసలు పేరు ఉమాదేవి అని ఊరివాళ్ళ చేత రాయించుకుంటాడట. మొదటి సంతకం మేనమామది కావాలట. వాడికి కడుపునిండా అన్నం పెట్టు. సంతకం మాత్రం పెట్టకు. పెట్టావో, నాకు అన్న లేడు.

ఆ అపార్ట్‌మెంట్ల పని నేను నిన్ననే మానేశాను. శీనుకు తెలీదు. కోడలికీ ఇప్పుడే తెలిసింది, కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా, రాయి. కూకట్‌పల్లి హాస్టల్లో వంటకు ఇద్దరు కావాలట. రేపు జైబున్‌తో పోతున్నాను. మా పేర్లు మేమే ముందు చెప్తాం. వద్దంటే ఇద్దరం కలిసే వెనక్కి వస్తాం.

పిల్లలకు ముద్దులు. మా ఇద్దరికీ పని దొరకాలని దీవించండి. కింద వేలిముద్ర నాది.

నీ చెల్లెలు,
హుస్సేనమ్మ