శ్రీపాద కొండ మీద గంట

కుసుమక్కా,

నీకు తెలుగు చదివేకి రాదు. అయినా రాస్తాండా, నవ్వొద్దు.

నిన్న నా కూతురితో మీ శ్రీలంకలో శ్రీపాద కొండెక్కినా. అంతకుముందు సిగిరియా బండ, కాండీ చెరువు చూసినాం. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉండాయి.

జాబ్రియాలో మనం పనిచేసే ఇంటి యజమానురాలు, మనం మామా అని పిలిచే ఆమె వాళ్లు సెలవులకు పోయినప్పుడే గదా ఇరాకోళ్లు కువైట్‌లోకి దిగింది! సైనికులు గేటు బాదుతాంటే, బియ్యం మూటల వెనక నా చెయ్యి పట్టుకొని, వచ్చీరాని అరబ్బీలో మాటలతోనే నన్ను ఈ కొండ ఎక్కిస్తివి.

"ఇంకొక్క మలుపు. ఇక్కడ టీ తాగుదాం. యల్లా, పద!"

గేటు చప్పుడు ఆగేసరికి పైకి చేరినాం. ఎన్నిసార్లు ఎక్కింటే అన్నిసార్లు గంట కొట్టాలంటివి. "ఇప్పుడొద్దు, వాళ్లు వింటారు. మా దేశానికి వచ్చినప్పుడు కొడుదువులే."

మరుసటి రోజు ఖుబ్జ్ రొట్టెలు తెస్తానని పోతివి. మళ్లా ఇంటికి రాలేదు.

నిన్న, దిగొచ్చే ఆడోళ్ల ముఖాలన్నీ చూసుకుంటా ఎక్కినా. పైన గంట రెండుసార్లు కొడితిని.

"మొదటిసారి వచ్చినోళ్లు ఒకసారే కొట్టాలంట మా" అనింది నా కూతురు.

"నేను కువైట్‌లోనే ఒకసారి ఎక్కినా పాపా" అంటి.