బూట్ల వంతు

పెట్రీన్య

బిసెర్కా టీచరుగారికి,

మా మనవరాలు తేనా తరగతిలో బూట్లతోనే కూర్చుంటోందని రాశారు. బడి గుమ్మంలో బూట్లు విప్పి మెత్తటి చెప్పులు తొడుక్కోవాలని నాకూ తెలుసు. నేనూ ఆ బడిలోనే చదివాను, తిట్లూ తిన్నాను. కానీ భూకంపం వచ్చినప్పుడు ఆ పిల్ల ఇంట్లో అలాంటి చెప్పులతోనే ఉంది. అవి జారిపోతే పగిలిన గాజు మీద పరుగెత్తింది. అరికాళ్లు మానాయి గానీ, పడుకున్నా బూట్లు విప్పడం మానేసింది.

బతిమాలాను, కసిరాను. లాభం లేకపోయింది. మొన్న దాని స్నేహితురాలు ఇవోన ఇల్లు కూలాక మాకిచ్చిన కంటైనర్ ఇంటికి వచ్చి, "నువ్వు విప్పవే. నేను వేసుకునే ఉంటాగా. మళ్లీ నేల ఊగిందంటే నిన్ను వీపున వేసుకుని లగెత్తుతా" అంది.

"నువ్వా? నీ సంచే మోయలేవు" అని తేనా నవ్వింది. నవ్వుతూనే విప్పింది.

ఇప్పుడు తరగతి పిల్లలంతా వంతులు వేసుకున్నారట. రేపటినుంచి రోజుకొకరు బూట్లతో కూర్చుంటారు, తేనా చెప్పులు వేసుకుంటుంది. నేల తుడిచే ఆవిడకు నేను చెప్పుకుంటాను. మీరు మాత్రం ఆ ఒక్కరినీ కోప్పడకండి.

ఇంట్లో వంతు నాది. ఈ ఉత్తరం బూట్లు వేసుకునే రాస్తున్నాను. పక్క మంచం మీద అది వట్టి కాళ్లతో నిద్రపోతోంది.

తేనా అమ్మమ్మ