పైనుంచి కిందికి

అనకాపల్లి,
ఆదివారం.

చిరంజీవి షెకీనాకు నాన్న దీవెనలు. అల్లుడు రూఫస్‌కు వందనాలు. ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ‘మేము’ అని రాసి కొట్టేశాను, ఆ కొట్టివేత చూసి బాధపడకు. నాగ్‌పూర్‌లో మీరిద్దరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మోకాలి నొప్పి తగ్గింది. బెల్లం మార్కెట్‌కు నడిచే వెళ్తున్నాను. షావుకారు ఇంకా నాచేతే చిట్టా రాయిస్తున్నాడు. అమ్మ చీరలు రెండు బుల్లమ్మకు ఇచ్చాను, మిగతావి నువ్వు వచ్చాకే. సమాధి మీద పలక నెలాఖరుకు వేస్తామన్నారు. పేరు కింద వాక్యం నువ్వు చెప్పిందే.

ఇక నువ్వు ఆఖరున అడిగిన మాట. ‘నేను ఫోన్‌లో పంపిన హత్య నవల అమ్మకు పూర్తిగా వినిపించావా? హంతకుడెవరో ఎన్నో భాగంలో కనిపెట్టింది?’ అన్నావు. వారపత్రికల సీరియళ్లు చదివే రోజుల నుంచి మీ ఇద్దరికీ అదే పందెం. మాట పడిపోయినా సైగతోనైనా చెప్పి ఉంటుందని నీ ఆశ. దీనికి జవాబు ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

పూర్తిగా వింది. ఇరవై రెండు భాగాలు, ఇరవై రెండు రోజులు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఫోన్ ఆమె తలగడ పక్కన పెట్టి, ఒక భాగం నొక్కి, వరండాలో కూర్చుని నా దినచర్య పుస్తకం రాసుకునేవాణ్ణి. కాసేపటికి ఆమె ఎడమ చెయ్యి ఎత్తి అరచేతిని బోర్లా, వెల్లకిలా తిప్పేది. కిటికీలోంచి కనిపించేది. ఒక పక్కనే పడుకుని ఒళ్లు నొప్పి పుట్టిందనుకుని, వెళ్లి గోడవైపు తిప్పేవాణ్ణి. మళ్లీ చెయ్యి తిప్పేది. మళ్లీ ఇటు తిప్పేవాణ్ణి.

ఒకరోజు ఒళ్లు తుడవడానికి వచ్చిన పక్కింటి బుల్లమ్మ ఆ కథ విని, “ఏటి అన్నియ్యా, నిన్న సచ్చిపోనాడని అంతలా ఏడిసినారు కదా, ఇయ్యాల కూకుని అన్నం తింతన్నాడేటి?” అంది.

“కథలంతే. నీకెందుకు?” అన్నాను.

“నాకెందుకులే. మా అప్పని సూడు, నవ్వుతందో ఏడుత్తందో.”

అమ్మ కంట్లో నీళ్లు కారుతున్నాయి. తుడిచి వెళ్లిపోయాను.

నీకు జవాబు రాయాలంటే కథ తెలియాలి గదా అని బుధవారం నేనే వినడానికి కూర్చున్నాను. అన్నిటికంటే పైనున్నది, మొదటి రోజు అమ్మకు పెట్టినది నొక్కాను. పోలీసులు హతుడి తమ్ముడి చేతికి బేడీలు వేస్తున్నారు. కథ అయిపోతోంది.

తల్లీ, ఫోన్‌లో ఆఖరి భాగం పైన ఉంది, మొదటిది అడుగున ఉంది. నలభై ఏళ్లుగా చిట్టా పైనుంచి కిందికి రాసేవాణ్ణి, పైదే మొదటిదనుకున్నాను. పక్కన అంకెలు కూడా ఉన్నాయి. అంకెలతో బతికినవాణ్ణి, చూసుకోలేదు. మీ అమ్మ కథను తిప్పమంది. నేను ఆమెను తిప్పాను.

నా పుస్తకం తీసి చూశాను. ‘రూతును గోడవైపు తిప్పితిని’ అని పదకొండు రోజులు రాసి ఉంది. పన్నెండో రోజు నుంచి లేదు. అప్పుడు నొప్పి తగ్గిందని సంతోషించాను.

తప్పు ఫోన్‌ది కాదు. ఒక్కపూట పక్కన కూర్చుని విన్నా తెలిసేది. ఇన్నేళ్లూ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడింది. మాట లేని ఆమె పక్కన కూర్చోవడం నాకు చేతకాలేదు. అందుకే వరండాలోకి పోయేవాణ్ణి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పందెం సంగతి అంటావా, హంతకుడెవరో అమ్మకు మొదటి రోజే తెలుసు. నువ్వు ఓడిపోయావు.

నిన్న ఆమె మంచం మీద కూర్చుని అడుగున ఉన్నది నొక్కాను. ఆమె చివరగా విన్నది అదే. అది విన్న మర్నాడు ఉదయమే పోయింది. ఆ భాగం పెట్టిన రోజు మాత్రం తనంతట తానే ఫోన్ వైపు ముఖం తిప్పుకుని, అయ్యేదాకా అలాగే వింది. అందులో ఇంకా ఎవరూ చావలేదమ్మా. అన్నదమ్ములు, వదిన, పిల్లలు వరసగా కూర్చుని భోజనం చేస్తుంటారు. ఎవరో నవ్వుతారు. ఎవరో ఇంకాస్త పప్పు వడ్డించమంటారు.

రెండో భాగం ఇంకా నొక్కలేదు.

ఇట్లు,
మీ నాన్న
కృపానిధి