కాలువ వాలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న మన ఊళ్లో పెద్దవాన కురిసింది. కొత్త మురుగు కాలువలో నీళ్లు వంకలోకి పోకుండా వెనక్కి తన్ని పాతపేట ఇళ్లలోకి వచ్చాయి.

మునిసిపాలిటీ పనులు చూడటానికి హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లు వచ్చినప్పుడు నువ్వు చెప్పింది ఇదే. ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాడివి. "వాలు తప్పుగా ఉండాది సార్, నీళ్లు ఎదురు తిరుగుతాయి" అన్నావు. వాళ్ల పెద్ద అందరి ముందూ నవ్వాడు. మర్నాటి నుంచి నిన్ను జనన ధ్రువపత్రాల కిటికీ దగ్గర కూర్చోబెట్టించాడు. రిటైరయ్యేదాకా నువ్వు ఆ కాలువ వైపు పోలేదు.

ఈ ఉదయం కర్నూలు నుంచి కలెక్టర్ వచ్చి అడిగితే, "మాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడు ఆ కన్సల్టెంట్ల పెద్ద. అదే మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నేను, వాలు తప్పని అప్పుడు నువ్వు వాళ్లకు రాసిచ్చిన ఉత్తరం, ఇన్నాళ్లూ బీరువాలో దాచింది, తీసి కలెక్టర్ చేతిలో పెట్టాను. అందినట్టు దానిమీద అతని సంతకమే ఉంది. వాళ్లను పనుల నుంచి తప్పించమని కలెక్టర్ అక్కడే చెప్పేశారు.

సాయంత్రం అతను మన ఇంటికొచ్చాడు. "ఆ ఉత్తరం నేను చూడలేదని ఒక్క మాట చెప్పండి మేడమ్. నా బతుకు పోతుంది."

"మా నాయన యాడుండాడో ఆడికే పోయి అడుగప్పా" అని తలుపేశాను.

నువ్వుంటే లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చేవాడివి. నేనివ్వలేదు.