పొటాషియం చివరి ఎలక్ట్రాన్

బందరు,
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకి,

సుశీల నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారు? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. మన దివిసీమ వదిలి వచ్చి నాలుగు నెలలైనా ఈ ఊరు ఇంకా కొత్తగానే ఉంది. గది కాలేజీకి దగ్గరే, ఇంటివాళ్ళు మంచివాళ్ళు. నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి, అలవాటైపోయింది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగినప్పుడు మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతాను. అంతకుమించి ఏమీ లేదు, బెంగపెట్టుకోకు.

ఈ ఉత్తరం పిల్లల చేత చదివించుకోకు. ఉప్పెనలో పోయిన మన తమ్ముడు రాంబాబు సంగతి.

ఇంటర్ మొదటి సంవత్సరం ఆడపిల్లలకి పరమాణు నిర్మాణం చెబుతున్నాను. ఒక్కో ఎలక్ట్రానుకీ నాలుగు క్వాంటం సంఖ్యలుంటాయి. అది ఏ కక్ష్యలో ఉంది, అందులో ఏ ఆకారపు చోటులో ఉంది, ఆ చోటు ఏ దిక్కుగా ఉంది, అది ఎటు తిరుగుతోంది అని. ఒకే పరమాణువులో ఏ రెండిటికీ నాలుగూ ఒకటి కావు. పోయిన వారం పరీక్షలో పొటాషియం గురించి అడిగాను. మూడో కక్ష్యలో ఇంకా చోటుండగానే దాని పంతొమ్మిదో ఎలక్ట్రాన్ నాలుగో దాంట్లోకి ఎందుకు వెళ్తుందని. అక్కడ శక్తి తక్కువ అని రాస్తే చాలు.

స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. జరీనా అనే అమ్మాయి జవాబు కింద ఇలా ఉంది: "నాలుగో ఊరి మొదటిల్లు నిండాకే మూడో ఊరి వెనక వీధి."

అక్కయ్యా, ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. రాంబాబుకి ఆ వరస ఎంతకీ గుర్తుండకపోతే మన వంటింటి గడప మీద కూర్చుని, కక్ష్యల్ని ఊళ్ళుగానూ వాటిలో చోట్లని ఇళ్ళూ వీధులుగానూ చేసి నేను కట్టిన మాట. వాడు బళ్ళో మాష్టారయ్యాక కూడా నన్ను ఏడిపించడానికి అదే అనేవాడు. రెండు రోజులు ఆ అమ్మాయిని పలకరించలేకపోయాను. పాఠం చెబుతుంటే వాడు వెనక బెంచీలో కూర్చుని వింటున్నట్టే ఉండేది. అటు చూడకుండా బోర్డు వైపు తిరిగేదాన్ని.

శుక్రవారం లాబ్‌లో అందరూ వెళ్ళాక జరీనాని ఆపి, ఆ మాట ఎవరు చెప్పారని అడిగాను. రాంబాబు మాష్టారు అంది.

ఉప్పెన మర్నాడు వాడి బడి డాబా మీద జరీనా, వాడితో కలిపి పంతొమ్మిది మంది మిగిలారట. చుట్టూ నీళ్ళు. తిండి లేదు, చలి. నిద్ర పడితే జారిపోతారని వాడు ఒక్కొక్కరికీ ఒక్కో ఎలక్ట్రాన్ సంఖ్యలు ఇచ్చాడట. ఇవి నీవి, ఇంకెవరికీ ఉండవు, పిలిస్తే పలకాలి అన్నాడట. అర్థం కాకపోయినా అందరూ పలికారట. జరీనావి మూడు, ఒకటి, సున్నా, ప్లస్ అర. తనకి మాత్రం నాలుగు, సున్నా, సున్నా, ప్లస్ అర ఉంచుకున్నాడట. మీకొక్కరికే నాలుగెందుకని పిల్లలు అడిగితే, ఆ ఊళ్ళ మాట చెప్పాడట.

మధ్యాహ్నం ఒక ఆడమనిషి తాటిదుంగ పట్టుకుని కొట్టుకొస్తుంటే నీళ్ళలోకి దిగాడు. ఈదుకుంటూ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకే కనిపించారట ఇద్దరూ.

"నేను పిలుస్తూనే ఉన్నానండి," అంది. "నాలుగు, సున్నా, సున్నా, ప్లస్ అర అని. పలకలేదండి."

ఇంతకాలం ఎందుకు చెప్పలేదన్నాను. నేను మాష్టారి అక్కనని ముఖం చూసి మొదటిరోజే పోల్చుకుందట. చేతులు నలుపుకుంటూ చెప్పింది.

"ఆ కొట్టుకొచ్చింది మా అమ్మండి. మీ ఎదుట ఎలా చెప్పను? పేపర్లో రాస్తే మీరు చదువుతారని రాశాను."

తన పుస్తకాలు నేనే పట్టుకుని వాళ్ళ మావయ్య ఇంటిదాకా వెళ్ళాను. ఆయన అద్దకం పని చేస్తాడు. రంగు చేతులతోనే కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. వాళ్ళమ్మ కోసం మాష్టారు నీళ్ళలోకి దిగిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

శవం దొరకలేదని నువ్వింకా వచ్చే ప్రతి బస్సూ చూస్తున్నావని బావగారు రాశారు. ఇక చూడకు అక్కయ్యా. వచ్చే ఆదివారం జరీనాని తీసుకొస్తాను. భయపడుతూనే వస్తానంది. పెట్టెలోంచి వాడి ఫోటో తీసి ఉంచు, చూస్తానంది. వాళ్ళమ్మ వల్లే కదా అని నీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అది ముఖంలో కనపడనివ్వకు.

మీ అత్తగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించు. ఆ అమ్మాయి నా ముందు ఏడవలేదు. నీ దగ్గర ఏడుస్తుందేమో, ఏడవనీ.

నీ చెల్లెలు
సుశీల