పాదాల మీద చేతులు

జగిత్యాల

అమ్మా, నేను బాగున్నాను. ఫోన్లో ఇదంతా చెప్పలేను, అందుకే ఈ కార్డు.

బట్టల షాపులో నిలబడి నిలబడి కాళ్లు వాచాయి కదా, డాక్టరు గోలీలతో వాపు తగ్గినా సలుపు పోలేదు. ఇక్కడ ఇందిరాదేవి గారు చేతుల స్పర్శతో నొప్పులు తగ్గించే రేకీ వైద్యం చేస్తారంటే వెళ్లాను. నువ్వు ఏళ్లపాటు వాకిలి ఊడ్చి, గడప మాత్రం దాటని మన ఊరి దొరల ఇంటావిడే, ఇప్పుడు ఇక్కడే ఉంటున్నారు. నన్ను పడుకోబెట్టి తల మీద, భుజాల మీద చేతులు ఆనించారు. పాదాల దగ్గరికి రాగానే దిగ్గున కాళ్లు ముడుచుకున్నాను.

"కాళ్లొద్దు దొరసానీ!"

"నర్సవ్వ బిడ్డవు గాదూ? గట్ల ముడుసుకుంటే ఎట్ల, కాళ్లు సాపు" అని రెండు పాదాలూ పట్టుకున్నారు. వెచ్చగా ఉన్నాయి ఆ చేతులు. నాకు ఏడుపు ఆగలేదు. సలుపు రేకీతో తగ్గిందో, ఏడుపుతో తగ్గిందో తెలియదు గానీ తేలిగ్గా నడిచి వచ్చాను.

రేకీ ఊరికే తీసుకోకూడదట. ఏమివ్వమంటారని అడిగితే, "మీ అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు తెచ్చియ్యి, తింట" అన్నారు. తొక్కు ఉందా, అయిపోయిందా? ఎవరితోనూ పంపకు, నువ్వే తీసుకురా. బీడీలు చుట్టి నీ వేళ్లు కొంకర్లు పోయాయని ఆమెకు చెప్పాను. ఆమె నీ చేతులు పట్టుకుంటే, నాలాగా వెనక్కి లాక్కోకు.

తమ్ముడికి నా దీవెనలు.

నీ బిడ్డ స్రవంతి