తెల్ల కుందేలు పరుచుకున్న పడక

కుండల్‌వాడి,
ఆదివారం.

ద్రౌపదక్కా,

నువ్వు కిన్వట్ నుంచి పంపిన తెల్ల కుందేలును అమ్మేశామా అని అడిగావు. అమ్మలేదు.

మగదాన్ని దాని బోనులో వదిలితే కరిచి తరిమింది. పశువుల డాక్టరేమో, "ఆడదాని బోన్లకు మొగదాన్ని తోలొద్దమ్మా, దాన్నే మొగదాని దగ్గరికి తీస్కపోవాలె" అన్నాడు. అలాగే చేశాము. అయినా చూలు కట్టలేదు. కానీ అది రొమ్ము మీది బొచ్చు పీక్కుని మెత్తగా పడక పరుచుకుంది. మేత పెట్టబోతే నా చెయ్యి కొరికింది. "కడుపే నిలువలే, గీ పడకెందుకు? అమ్మేద్దాం" అన్నారు మీ మరిది. అని, నా ముఖం చూసి మేత బుట్ట తనే అందుకుని బోనులో పెట్టారు. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు, నీకు తెలుసు.

మరునాడు మా బూడిదరంగు కుందేలు నాలుగు పిల్లల్ని పెట్టి చచ్చిపోయింది. చూలు లేకున్నా ఒక్కోసారి పాలొస్తాయని డాక్టరు చెప్పిన మాట తలచుకుని, వాటిని తెల్లదాని పడకలో పెట్టాను. చంపేస్తుందేమోనని చెయ్యి అడ్డం పెట్టే ఉంచాను. అది వాసన చూసి చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా వాటి మీద నిలబడి పాలిచ్చింది. ఎండలో బొచ్చు పోగులు తేలుతుంటే కలలో చూస్తున్నట్టే అనిపించింది.

ఈ రోజు పిల్లలు కళ్లు తెరిచాయి. మీ మరిది బోను ముందు కూర్చుని, "సప్పుడు చెయ్యకుంట ఇట్లచ్చి కూసో" అని జరిగి చోటిచ్చారు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాము. వంట సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

నీ చెల్లెలు